బెర్తుకు కాపలా

సికింద్రాబాద్ స్టేషన్‌కు బోయిగూడ వైపు నుంచి వచ్చేవాళ్లకు ముందు తగిలేది పదో నంబరు ప్లాట్‌ఫారం. టింబర్ డిపోలు, గోడౌన్లు దాటుకుని ఆ గేటు దగ్గర ఆటో దిగేవాళ్లలో చాలామంది చేతిలో ఇప్పుడు కాగితం టికెట్ ఉండదు. ఫోన్లో ఒక పీఎన్‌ఆర్ సంఖ్య, ఒక కోచ్ పేరు, ఒక బెర్తు నంబరు ఉంటాయి. ఆ మూడింటినీ నమ్ముకుని మనిషి ఇంటికి తాళం వేసి బయలుదేరతాడు. అంతటి నమ్మకాన్ని నిలబెట్టిన పనిలో ఈ ఊరికి ముఖ్యమైన చోటుంది. రైల్వేల కంప్యూటర్ వ్యవస్థల కోసం 1986లో ఏర్పడిన క్రిస్ సంస్థ తయారుచేసిన ‘కన్సర్ట్’ రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ మొట్టమొదట అమల్లోకి వచ్చింది సికింద్రాబాద్‌లోనే, 1994 సెప్టెంబరులో.

అంతకుముందు కంప్యూటర్ రిజర్వేషన్ లేదని కాదు. 1985లో ఢిల్లీలో మొదలై పెద్ద నగరాలకు పాకిన ‘ఇంప్రెస్’ అప్పటికే ఉంది. దాన్ని రాసింది సీఎంసీ సంస్థ. రైలుకొకటి, తేదీకొకటి చొప్పున పెట్టుకున్న లావుపాటి రిజిస్టర్లను అది తప్పించింది. అయితే ఏ కేంద్రం లెక్క ఆ కేంద్రానిదే. ఇక్కడి కౌంటరులో కూర్చున్న గుమాస్తాకు ఢిల్లీలో బయలుదేరే రైలు ఖాళీలు కనిపించవు. కన్సర్ట్ వచ్చింది ఆ గోడలు తీసేయడానికి. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ 1999 ఏప్రిల్ నాటికి ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి.

కన్సర్ట్ లోపలి కోడ్ మనకు కనిపించదు. కాని అది తీర్చవలసిన లెక్క ఏమిటో మనందరికీ తెలుసు: ఒకే బెర్తు, ఒకే దూరానికి, ఇద్దరికి ఎప్పుడూ దక్కకూడదు. ఎంతమంది ఒకేసారి అడిగినా, మధ్యలో కరెంటు పోయినా, ప్రయాణికుడు కంగారులో బటన్ రెండుసార్లు నొక్కినా సరే. ఈ ఒక్క నియమాన్ని కాపాడే చిన్న సర్వర్‌ను, దాని వెనక డేటాబేస్‌ను, మామూలు లాప్‌టాప్ మీద ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్‌తో కట్టుకోవచ్చు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఏ విద్యార్థయినా చేయగలిగిన పనే. అందులో నేర్పు ఎక్కడ దాగి ఉందో చూడటానికి ఈ నమూనా చాలు.

పని టేబుళ్ల దగ్గర మొదలవుతుంది. సమాచారాన్ని వరుసలు, కాలమ్‌ల టేబుళ్లుగా విడదీసి, వాటిని తాళంచెవుల్లాంటి కీలతో కలపాలన్న ఆలోచనను ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రకటించాడు. మన నమూనాకు రైళ్లు, స్టాపులు, నడకలు, బెర్తులు, బుకింగులు, ప్రయాణికులు అని ఆరు టేబుళ్లు సరిపోతాయి. రైలు పేరు ఒక్కచోటే ఉంటుంది. బుకింగులో ఉండేది ఆ రైలును చూపించే కీ మాత్రమే. రేపు రైలు పేరు మారితే మార్చవలసింది ఒక్క వరుస. లేని రైలుకు బుకింగ్ రాయబోతే ఫారిన్ కీ ఒప్పుకోదు.

ఆరింటిలో ‘నడకలు’ అన్నది కొత్తవాళ్లకు అనవసరంగా కనిపిస్తుంది. రైలు నంబరు, తేదీ చాలవా అనిపిస్తుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌నే తీసుకోండి. సాయంత్రం సికింద్రాబాద్ దాటిన బండి రాజమండ్రి చేరేసరికి అర్ధరాత్రి దాటిపోతుంది, తేదీ మారిపోతుంది. రాజమండ్రిలో ఎక్కే ప్రయాణికుడి టికెట్ మీద తేదీ వేరు, ఆ బండి బయలుదేరిన తేదీ వేరు. బండి మాత్రం ఒకటే, బెర్తు ఒకటే. అందుకే బయలుదేరిన తేదీతో ఒక నడకను నమోదు చేసి, ప్రతి స్టాపు దగ్గరా అది ఎన్నో రోజో రాసిపెడతారు. ఎక్కే తేదీని దాని నుంచి లెక్కకట్టుకోవచ్చు. ఈ విడదీత చేయని నమూనాలో ఒకే బెర్తు రెండు తేదీల కింద రెండు బెర్తులైపోతుంది. టేబుళ్లు గీయడంలో పనితనం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇలాంటి గీతే. కోడ్ ఒక్క ముక్కయినా రాయకముందే ఒక పెద్ద తప్పు పుట్టే దారి మూసుకుపోయింది.

ఇక బెర్తు. ఐసీఎఫ్ స్లీపర్ కోచ్‌లో 72 బెర్తులు ఉంటాయి. కాని రైలు అమ్మేది 72 వస్తువులను కాదు. సికింద్రాబాద్‌లో ఎక్కినవాడు విజయవాడలో దిగిపోతే అదే బెర్తు విజయవాడ నుంచి మరొకరికి ఇవ్వవచ్చు. అంటే అమ్ముడయ్యేది బెర్తు, దానితోపాటు దారిలో ఒక ముక్క. స్టాపులకు వరుస సంఖ్యలు వేద్దాం: సికింద్రాబాద్ 1, కాజీపేట 2, వరంగల్ 3, ఖమ్మం 4, విజయవాడ 5, ఏలూరు 6, రాజమండ్రి 7. మొదటి ప్రయాణికుడిది 1 నుంచి 5, రెండోవాడిది 5 నుంచి 7. ఈ రెండూ గుద్దుకుంటాయా? స్టాపుల పేర్లను మాత్రమే చూస్తే విజయవాడ ఇద్దరిలోనూ ఉంది, కాబట్టి గుద్దుకున్నట్టే కనిపిస్తుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే ఒకరు దిగుతున్నారు, ఒకరు ఎక్కుతున్నారు, తగాదా లేదు.

ఈ తేడాను చెప్పడానికి గణితంలో ఒక అందమైన పద్ధతి ఉంది. మొదలు చేరుతుంది, చివర చేరదు. ఒకటి నుంచి ఐదు అంటే ఐదు తగలకుండా ఆగిపోయే పరిధి. ఐదు నుంచి ఏడు అంటే ఐదుతో మొదలై ఏడు తగలకుండా ఆగేది. రెండు పరిధులూ ఖాళీ లేకుండా ఆనుకుంటాయి, ఒకదాని మీద ఒకటి పడవు. ఖమ్మం నుంచి ఏలూరుకు అడిగిన మూడోవాడి పరిధి 4 నుంచి 6. అది ఇద్దరి మీదా పడుతుంది, వాడికి ఆ బెర్తు లేదు. ప్రత్యేక సందర్భాలు, ‘అయితే, కాకపోతే’ అనే షరతులు ఏవీ రాయనవసరం లేకుండా, చివరను వదిలేయడం అన్న ఒక్క నిర్ణయంతో లెక్కంతా సరిపోయింది.

పోస్ట్‌గ్రెస్‌లో ఈ పరిధి ఒక కాలమ్‌లో పట్టే రకం. 2012లో వచ్చిన 9.2 వెర్షన్ నుంచి ఉంది. దానికి రెండేళ్ల ముందు, 9.0లో, ఎక్స్‌క్లూజన్ నిబంధన వచ్చింది. ఈ రెండూ కలిస్తే మన నియమం మొత్తాన్ని బుకింగుల టేబుల్‌కే ఒక షరతుగా కట్టేయవచ్చు: నడక సమానమై, బెర్తు సమానమై, పరిధులు ఒకదాని మీద ఒకటి పడే రెండు వరుసలు ఈ టేబుల్‌లో ఉండకూడదు. రద్దయిన బుకింగులు లెక్కలోకి రాకుండా చివర ఒక చిన్న మినహాయింపు. దీని వెనక గిస్ట్ అనే ఇండెక్స్ పనిచేస్తుంది. సమానమా కాదా అని చూసే మామూలు పోలికలు కూడా అందులో ఇమడాలంటే బీట్రీ-గిస్ట్ అనే ఎక్స్‌టెన్షన్ ముందుగా పెట్టుకోవాలి. ఈ సదుపాయం లేని డేటాబేసుల్లో ఒక్కో బెర్తుకు ఒక్కో దారిముక్క చొప్పున వరుసలు రాసి, వాటి మీద యునీక్ నిబంధన పెడతారు. వరుసలు పెరుగుతాయి కాని కాపలా అంతే గట్టిది. దాన్ని నేను తక్కువ చేయను.

ఇంత శ్రమ ఎందుకు, బెర్తు ఖాళీగా ఉందో లేదో ప్రోగ్రామ్‌లోనే చూసి, ఉంటే రాసేస్తే పోదా అనిపించవచ్చు. ఒక్క మనిషే వాడుతున్నంతసేపు పోతుంది. పొద్దున పది గంటలకు ఏసీ తత్కాల్ తెరుచుకున్న క్షణాన్ని తలుచుకోండి. ఇద్దరి అభ్యర్థనలు వెంటవెంటనే వస్తాయి. మొదటిది చూస్తుంది, ఖాళీ. అది రాసేలోపు రెండోది చూస్తుంది, ఇంకా ఖాళీయే. రెండూ రాస్తాయి. చూడటానికీ రాయడానికీ మధ్య ఉన్న ఆ సన్నని సందులోంచి తప్పు దూరుతుంది. పరీక్షల్లో కనిపించదు, రద్దీ రోజున కనిపిస్తుంది.

నిబంధన టేబుల్‌లోనే ఉంటే జరిగేది వేరు. మొదటి ట్రాన్సాక్షన్ (మొత్తంగా జరిగే, లేదా మొత్తంగా వెనక్కి పోయే పని) వరుస రాసింది, ఇంకా కమిట్ కాలేదు, అంటే ఖాయం కాలేదు. గుద్దుకునే వరుసతో రెండోది వచ్చింది. డేటాబేస్ దాన్ని అప్పుడే తిప్పికొట్టదు, ఒప్పుకోదు కూడా. ఆపి ఉంచుతుంది. మొదటిది కమిట్ అయితే రెండోదానికి 23పీ01 అనే ఎర్రర్ కోడ్ అందుతుంది. మొదటిది ఏ కారణంగానో రోల్‌బ్యాక్ అయితే, అంటే వెనక్కి పోతే, రెండోది ఏమీ ఎరగనట్టు ముందుకు సాగి బెర్తు దక్కించుకుంటుంది. తేలని విషయం మీద తీర్పు చెప్పకుండా, తేలేదాకా ఓపిక పట్టే ఈ పద్ధతిని ఎన్నిసార్లు చూసినా నాకు గౌరవమే కలుగుతుంది.

అయితే వందలమంది ఒకే బెర్తు కోసం ఇలా వరుసగా నిలబడటం కూడా మంచిది కాదు. అందుకు 9.5 వెర్షన్‌లో వచ్చిన స్కిప్ లాక్డ్ అనే మాట పనికొస్తుంది. ఖాళీ బెర్తు వెతికే క్వెరీ చివర దాన్ని చేరిస్తే, మరొకరు అప్పటికే పట్టుకున్న బెర్తును దాటి తర్వాతిదాన్ని పట్టుకుంటుంది. ఎవరూ ఎవరికోసమూ ఆగరు. ఈ ఎంపికలో ఎప్పుడైనా పాత దృశ్యాన్ని చూసి పొరబడే అవకాశం ఉంది. అప్పుడు కింద నిబంధన పట్టుకుంటుంది. పైన వేగానికి ఒక ఏర్పాటు, కింద నిజానికి ఒక ఏర్పాటు. రెండింటినీ కలిపేసి ఒకే చోట రాయాలని చూసిన కోడ్ సాధారణంగా రెండింటిలోనూ తప్పుతుంది.

కమిట్ అంటే నిజంగా ఏం జరుగుతుంది? 2001లో వచ్చిన 7.1 నుంచి పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందు ఒక లాగ్‌లో, జరిగిన వరుసలోనే రాస్తుంది. ఆ లాగ్ డిస్కు మీద పడిందని రూఢి చేసుకున్నాకే ‘అయింది’ అంటుంది. అసలు టేబుళ్ల పేజీలను తర్వాత తీరిగ్గా సరిచేస్తుంది. మన దుకాణాల్లో లావాదేవీ జరిగిన వెంటనే చిట్టాకెక్కించి, ఆవర్జాలో సర్దేది తర్వాత చేసుకునే పద్ధతే ఇది. మధ్యలో కరెంటు పోతే, మళ్లీ లేచినప్పుడు లాగ్‌ను చదువుకుంటూ టేబుళ్లను సరిచేసుకుంటుంది. కమిట్ అయిన బుకింగ్ మిగులుతుంది, సగంలో ఆగింది మాయమవుతుంది. సగం బుకింగ్ అనేది ఉండదు.

ఇప్పుడు తలుపు దగ్గరికి రావచ్చు. ఏపీఐ అంటే బయటివాళ్లు ఈ డేటాబేస్‌ను అడగగలిగిన మాటల పట్టిక. ఖాళీలు చూడటానికి గెట్, బుక్ చేయడానికి పోస్ట్, రద్దుకు డిలీట్. జవాబుకు ఒక సంఖ్య. కుదిరి కొత్త బుకింగ్ పుడితే 201. తేదీ తప్పుగా రాస్తే 400. ఎవరో తెలియకపోతే 401. అలాంటి పీఎన్‌ఆర్ లేకపోతే 404. అడిగింది సరైనదే కాని బెర్తు ఈలోపు పోయింది అంటే 409. ఇందాకటి 23పీ01ను 409గా మార్చి, మనిషికి అర్థమయ్యే ఒక వాక్యం జతచేయడమే ఇక్కడ సర్వర్ పని. అన్నిటికీ 500 అని చేతులు దులుపుకునే సర్వర్ ఫోన్లోని యాప్‌ను గుడ్డిదాన్ని చేస్తుంది. మళ్లీ ప్రయత్నించాలో, వేరే బెర్తు అడగాలో, మానేయాలో దానికి తెలియదు.

బయటినుంచి వచ్చిన ఏ మాటనూ క్వెరీ వాక్యంలో అతికించకూడదు. వాక్యం వేరుగా, విలువలు వేరుగా పంపాలి. అప్పుడు ప్రయాణికుడి పేరు గడిలో ఎవరైనా ఎస్‌క్యూఎల్ ఆజ్ఞ రాసినా అది పేరుగానే నిలుస్తుంది. దీన్ని అందరూ చెబుతారు కాబట్టి ఇంతటితో వదిలేస్తాను.

నిజమైన చిక్కు డబ్బు దగ్గర. బెర్తు మన డేటాబేస్‌లో ఉంది, డబ్బు బ్యాంకులో ఉంది. రెండింటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో చుట్టలేం. ‘డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు’ అన్న మాట పుట్టేది ఈ చీలికలోనే. అందుకే పనిని మూడుగా విడదీస్తారు. ముందు బెర్తును కొన్ని నిమిషాలపాటు పట్టి ఉంచుతూ వరుస రాసి కమిట్ చేస్తారు. తర్వాత, ఏ ట్రాన్సాక్షనూ తెరిచి ఉంచకుండా, చెల్లింపు వైపు పంపుతారు. డబ్బు అందిందన్న కబురు వచ్చాక మరో చిన్న ట్రాన్సాక్షన్‌లో ఖాయం చేస్తారు. కబురు రాకపోతే గడువు తీరిన పట్లను వదిలేసే పని వెనక ఇంకొకటి తిరుగుతుంటుంది. ‘గడువు దాటితే లెక్కలోకి తీసుకోకు’ అని ఆ ఎక్స్‌క్లూజన్ నిబంధనలోనే రాసేద్దామనిపిస్తుంది. డేటాబేస్ ఒప్పుకోదు, ఇండెక్స్ షరతులో క్షణక్షణం మారే గడియారానికి చోటు లేదు. అందుకే వరుస స్థితిని ఎవరో ఒకరు మార్చి తీరాలి.

బటన్ రెండుసార్లు నొక్కినవాడి సంగతి? యాప్ ప్రతి బుకింగ్ ప్రయత్నానికీ ఒక గుర్తింపు సంఖ్యను తనే పుట్టించి పంపుతుంది. దాన్ని యునీక్ కాలమ్‌లో దాస్తాం. అదే సంఖ్యతో రెండో అభ్యర్థన వస్తే కొత్త బుకింగ్ చేయకుండా మొదటిదాని జవాబే తిరిగి ఇస్తాం. నెట్‌వర్క్ తెగి జవాబు అందనివాడు ఎన్నిసార్లు అడిగినా నష్టం లేదు. ఇక్కడ కూడా కాపలా కాసేది టేబుల్ మీది నిబంధనే, గమనించండి.

కట్టడం అయింది, నడపాలి. పోస్ట్‌గ్రెస్ 5432 పోర్టులో కూర్చుని ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రత్యేక ప్రాసెస్ పుట్టిస్తుంది, మామూలు అమరికలో వాటి పరిమితి 100. వేలమంది వచ్చే సర్వర్ మనిషికో కనెక్షన్ తెరవలేదు. కొన్నింటిని ముందే తెరిచిన పూల్ నుంచి తీసుకుని, పని అవగానే తిరిగి ఇవ్వాలి. చెల్లింపు జవాబు కోసం ఎదురుచూస్తూ కనెక్షన్‌ను పట్టుకు కూర్చున్న కోడ్ ఉంటే, బ్యాంకు నిదానించిన రోజున పూల్ ఖాళీ అయి, ఊరికే ఖాళీలు చూడవచ్చినవాళ్లు కూడా బయటే ఆగిపోతారు. చెల్లింపును ట్రాన్సాక్షన్ బయట పెట్టడానికి ఇది రెండో కారణం. టేబుల్ ఆకారం మార్చే మైగ్రేషన్లను కూడా పోస్ట్‌గ్రెస్ చాలావరకు ట్రాన్సాక్షన్‌లోనే నడపనిస్తుంది, సగంలో చెడితే పాత ఆకారమే నిలుస్తుంది. కొత్త కోడ్ ఎక్కించేటప్పుడు పాత సర్వర్‌ను ఉన్నపళాన చంపకుండా, చేతిలో ఉన్న అభ్యర్థనలు ముగించనిచ్చి ఆపాలి. బ్యాకప్ రోజూ తీయాలి, దాన్ని మరో యంత్రం మీద నిజంగా పునరుద్ధరించి చూడాలి. అలా చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

ఇదంతా ఒక్క యంత్రం మీద. కన్సర్ట్ ముందున్న లెక్క ఇంతకంటే పెద్దది: బెర్తుల లెక్కలు ఐదు ఊళ్లలో విడివిడిగా ఉంటాయి, టికెట్ మాత్రం ఏ ఊళ్లోనైనా ఇవ్వాలి. ఆ యంత్రాలు ఓపెన్‌వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచాయి. వాటి మధ్య రిలయబుల్ ట్రాన్సాక్షన్ రౌటర్ అనే, డిజిటల్ కంపెనీ తయారుచేసిన మధ్యస్థ సాఫ్ట్‌వేర్‌ను పెట్టారు. చెన్నై కౌంటరులో గుమాస్తా సికింద్రాబాద్ లెక్కలో ఉన్న రైలుకు టికెట్ అడిగితే, ఆ అభ్యర్థన లెక్క ఉన్నచోటికి వెళ్లి అక్కడే తేలుతుంది. మధ్యలో లైను తెగినా పని పూర్తిగా అయినా అవుతుంది, అసలు కాకుండానైనా పోతుంది. లెక్కను పలుచోట్ల నకళ్లుగా పెట్టి తర్వాత సరిచూసుకుందాం అనుకోకుండా, ఒక్కో బెర్తుకు ఒక్కటే ఇల్లు, అడిగేవాళ్లే అక్కడికి రావాలి అన్న ఆ నిర్ణయం మన చిన్న నమూనాలోని నిబంధనకు అన్నలాంటిది. పది అంకెల పీఎన్‌ఆర్‌లో మొదటి అంకె ఏ కేంద్రమో చెబుతుంది. ఒకటితో మొదలైతే అది సికింద్రాబాద్. రాత్రి 11.45 నుంచి కాసేపు బుకింగ్ ఆగిపోవడం ప్రయాణికులకు తెలిసిందే. రోజు మారే లెక్కలకూ, యంత్రాల సంరక్షణకూ ఆ విరామం.

ఇది చదివి మీ మొదటి సర్వర్ రాయబోతుంటే ఒక్క మాట. ఏపీఐ కోడ్ మొదలుపెట్టకముందే బుకింగుల టేబుల్ రాసి, నిబంధన పెట్టి, రెండు టెర్మినళ్లు పక్కపక్కన తెరవండి. మొదటిదానిలో బిగిన్ అని కొట్టి 1 నుంచి 5కి ఒక వరుస రాయండి, కమిట్ చేయకండి. రెండోదానిలో అదే బెర్తుకు 4 నుంచి 6 రాయండి. కర్సర్ ఆగిపోతుంది. మొదటిదానిలో కమిట్ కొట్టండి, రెండోదానిలో ఎర్రర్ కనబడుతుంది. మళ్లీ మొదటినుంచి చేసి, ఈసారి రోల్‌బ్యాక్ కొట్టండి. రెండో వరుస చేరుతుంది. ఈ రెండూ మీ కళ్లతో చూశాకే మిగతా కోడ్ రాయండి.